ఏడుపు గది

రెండో కాన్పు తరువాత స్నేహితులు మాకొక యంత్రం బహుమతిగా ఇచ్చారు. అది రెండు చిన్న పెట్టెలు. ఒకటి పసివాడి మంచం దగ్గర పెడితే రెండోది వంటింట్లో వాడి ఊపిరి వినిపిస్తుంది. వాడు కదిలితే దుప్పటి చప్పుడు, ఆ రెంటి వెనక ఆగకుండా సన్నటి గరగర. ఇంట్లో అందరూ పడుకున్నాక నేను ఆ గరగర వింటూ కూర్చుంటాను. అది నాకు పరిచయమైన శబ్దం. గోడలో బిగించిన పాత స్పీకరు, దుమ్ము పట్టిన గాజు పలక, నా ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తున్న మా పాప, పక్క కుర్చీలో చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మిసెస్ గ్రీర్ కళ్ళముందుకు వచ్చారు. ఆవిడ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్ళకి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

నేను పెళ్ళయి మిషిగన్ వచ్చింది డెబ్భయ్యో దశకం చివర్లో. మా వారు కార్ల కంపెనీలో ఇంజినీరు. నగర శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ మాది. గుంటూరులో చరిత్ర చదివి బి.ఏ. ప్యాసైన నాకు అక్కడ పగలంతా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూడటమే పని. ఒకరోజు మా వారు పేపర్లో ప్రకటన చూపించారు. నగరం నడిబొడ్డున ఉన్న పాత థియేటరును ఆపెరాల కోసం బాగు చేస్తున్నారు. శని ఆదివారాల్లో దాన్ని చూడవచ్చేవాళ్ళను తిప్పి చూపించడానికి మనిషి కావాలి. "హిస్టరీ డిగ్రీ ఉందిగా, అప్లై చెయ్యి శారదా. ఇంట్లోనే కూర్చుంటే ఈ వింటర్ గడవదు నీకు," అన్నారు. ఆపెరా అంటే మాటల బదులు పాటతోనే నడిచే నాటకం. మన పద్యనాటకానికి దూరపు చుట్టమని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పటికి నేను ఒక్కటీ చూసి ఎరగను.

నన్ను పనిలోకి తీసుకున్నది మిసెస్ గ్రీర్. ప్రేక్షకుడు గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వెళ్ళేదాకా అతనికి కావలసినవన్నీ ఆవిడ చేతి కింద ఉండేవి. టికెట్లు చూసేవాళ్ళు, చలికోట్లు దాచే గది, సీట్లు చూపే అషర్లు, నడవలేనివాళ్ళకు చక్రాల కుర్చీలు, పై బాల్కనీవాళ్ళకు అద్దెకిచ్చే చిన్న దుర్భిణులు, మంచినీళ్ళు, బాత్రూములు, తప్పిపోయిన పిల్లలు, అన్నీ. అరవై దాటిన నల్లజాతి స్త్రీ. పొడగరి. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకునేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. ఆవిడ మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళే గొంతు తగ్గించుకునేవారు.

టూర్లు ఇచ్చేముందు కొన్నాళ్ళు అషర్లతో నిలబడి పని నేర్చుకోమన్నారు. అక్కడి పద్ధతి ప్రకారం కుడిచేతిలో టార్చి ఉండాలి, ఎడమచేత్తో టికెట్ అందుకుని తిరిగి ఇవ్వాలి. ఎడమచేత్తో ఒకరికి ఏదైనా ఇవ్వడం నాకు చేతకాదు. ప్రతి టికెట్‌కీ చీకట్లో చేతులు మార్చుకుంటుంటే టార్చి వెలుగు జనం మొహాల మీద, పైకప్పు మీద, ఒకసారి వేదిక మీద పాడుతున్న ఆవిడ మొహం మీద కూడా పడింది. విరామంలో మిసెస్ గ్రీర్ పిలిపించారు. ఎడమచేత్తో ఇస్తే మాలో అవమానించినట్టే అని తడబడుతూ చెప్పాను. ఆవిడ "టార్చికి అవమానం ఉండదుగా?" అని దాన్ని నా ఎడమచేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

తరువాత ఒకరోజు తనను లూసీల్ అని పిలవమన్నారు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవలేననీ, మావాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళను ఆంటీ అంటారనీ, నేనూ అలాగే పిలుస్తాననీ అన్నాను. గౌరవం ఇస్తున్నానన్న సంతోషంతోనే అన్నాను. ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"వద్దమ్మాయీ. నా చిన్నతనంలో తెల్లవాళ్ళు మా అమ్మనీ, తరువాత నన్నూ ఆంటీ అనే పిలిచేవారు. మిసెస్ అనడం ఇష్టం లేక. నువ్వు మిసెస్ గ్రీర్ అను."

ఆ మాటల్లో కోపం లేదు. నా తప్పు నాకు తెలియాలని చెప్పారంతే. అప్పటి నుంచి మనసులో కూడా ఆవిడను నేను మరోలా పిలుచుకోలేదు.

ఆ థియేటరు చరిత్ర నేను పరీక్షకు చదివినట్టు చదివాను. మూకీ సినిమాల కాలంలో కట్టిన మహలది. తెర ముందు వాద్యబృందం కూర్చోవడానికి పల్లంగా చోటు, పాలరాతి మెట్లు, పైకప్పు మీద బంగారు రేకు, మూలమూలనా పూల గుత్తులు మోసే సుద్ద దేవతలు. కొన్నాళ్ళకు డబ్బున్నవాళ్ళంతా నగరం వదిలి శివార్లకు తరలిపోయారు. చవక సినిమాలు ఆడాయి, చివరికి తలుపులు మూసేశారు. ఏళ్ళ తరబడి కప్పు కారి, పూత పెచ్చులూడి, పై బాల్కనీలో పావురాలు గూళ్ళు పెట్టాయి. పాట కోసం అలాంటి హాలు వెతుక్కుంటూ వచ్చిన ఆపెరా మనుషులు దాన్ని కొని, ఒక్కొక్క భాగమే బాగు చేసుకుంటూ వాడుకుంటున్నారు. నేను వెళ్ళేనాటికి సగం పైకప్పు బంగారంగా, సగం మసిగా ఉండేది. నా మొదటి టూరులో ఇదంతా ఎక్కడా ఆగకుండా చెప్పాను. మిసెస్ గ్రీర్ అందరి వెనకా నడిచారు. అయ్యాక దగ్గరికి వచ్చి, రాళ్ళ పేర్లు బాగా చెప్పావన్నారు. తరువాత, "ఆకుపచ్చ టోపీ పెద్దాయన మెట్ల మీద రెండుసార్లు ఆగాడు, చూశావా?" అని అడిగారు. నేను చూడలేదు.

"అలాంటివాళ్ళను బాగానే ఉన్నారా అని అడగకు. బాగానే ఉన్నామంటారు. పక్కవాళ్ళకి ఇబ్బందని విరామం దాకా ఓర్చుకుని, అప్పుడు మెట్ల మీద పడిపోతారు. వంగి, మెల్లగా, 'ఇప్పుడు వెళదామా, విరామంలో వెళదామా' అని అడుగు. ఏదో ఒకటి చెప్పక తప్పదు."

ఆవిడ అషర్లందరూ అలాగే అడిగేవారు. నేనూ అలవాటు చేసుకున్నాను. మూర్ఛ వచ్చేలా ఉన్న ఒక కాలేజీ అమ్మాయి, ఛాతీ పట్టుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి "ఇప్పుడే" అనడం నా చెవులతో విన్నాను.

భవనం పక్క సందులోకి ఒక ఇరుకు తలుపు ఉండేది. టూరు కాగితాల్లో దాని ఊసు లేదు. ఒకసారి మిసెస్ గ్రీర్‌ను అడిగితే అది తమ దారి అన్నారు. తన చిన్నతనంలో నల్లవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసి లేదట. టికెట్ కిటికీలో మనిషి వాళ్ళకు పై బాల్కనీ టికెట్లు మాత్రమే ఇచ్చేవాడు, ఆ మెట్లు సందులోంచి ఉండేవి, అంతే. ఆ తరువాత ఆవిడకు ఈ థియేటరులోనే మొదటి ఉద్యోగం దొరికింది. నడిమి అంతస్తు వెనక భాగంలో గాజు గోడ ఉన్న గది ఒకటి కట్టారు. పసిపిల్లల తల్లులు అందులో కూర్చుంటే బొమ్మ కనిపిస్తుంది, స్పీకరులో పాట వినిపిస్తుంది, పిల్లల ఏడుపు మాత్రం హాల్లోకి పోదు. అందరూ దాన్ని ఏడుపు గది అనేవారు. తల్లులకు సాయంగా అక్కడ ఒక ఆయా ఉండాలి. ఆ ఆయా ఈవిడే. తన పసికొడుకును అక్క దగ్గర వదిలి, వచ్చినవాళ్ళ పిల్లలను ఊరుకోబెట్టేవారు.

మా ఊళ్ళో అలాంటి గది అవసరమే రాదన్నాను. పద్యనాటకానికి చంటిపిల్లల తల్లులే అందరికంటే ముందు చాపల మీద కూర్చుంటారనీ, పిల్ల ఏడిస్తే రాజు వేషంవాడు ఇంకాస్త పైకి రాగం తీస్తాడనీ, జనం వన్స్ మోర్ అంటే చచ్చిపడి ఉన్నవాడు కూడా లేచి మళ్ళీ పాడతాడనీ చెప్పాను. ఆవిడ గట్టిగా నవ్వడం అప్పుడే చూశాను. "రాజు వేషం వేసే మా టెనర్‌గారికి చెబుతానుండు. ఎవరైనా దగ్గితేనే అలుగుతాడు," అన్నారు.

తరువాతి ఏడాది మా పాప పుట్టింది. పని మానేశాను. ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం. పాప ఆరోగ్యంగా ఉంది, పాలు సరిపోతున్నాయి, మా వారు గిన్నెలు కూడా కడిగేవారు. చూడవచ్చిన తెలుగువాళ్ళంతా అదృష్టవంతురాలివన్నారు. నాకు మాత్రం ఒక ఆలోచన పట్టుకుంది. పాపను ఎత్తుకుని మా ఇంటి బాల్కనీ వైపు వెళితే నా చేతులు దాన్ని వదిలేస్తాయేమోనని. ఎంత వద్దనుకుంటే అంత స్పష్టంగా వచ్చేది. బాల్కనీ తలుపుకు సోఫా అడ్డం జరిపాను. చలిగాలి వస్తోందని మా వారికి చెప్పాను. పాపను ఎత్తుకోవాలంటే భయం, దింపాలంటే భయం. నాలాంటి తల్లి ప్రపంచంలో ఉండదని నమ్మకం కుదిరింది.

పాప రోజంతా ఏడుస్తోందని చెబితే, ఒక స్నేహితురాలు దిష్టి తీయమని ఫోన్లో సలహా ఇచ్చింది. ఎండుమిరపకాయలు, ఉప్పు పాప చుట్టూ తిప్పి పెనం మీద వేశాను. మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని మావాళ్ళ నమ్మకం. ఘాటు బాగానే వచ్చింది, దానితోపాటు పొగ అలారం మోగింది. అంతస్తులో అందరూ దగ్గుకుంటూ మెట్లు దిగి బయట గడ్డి మీద నిలబడ్డారు. మేనేజరు ఏం వండుతున్నావని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఎదురింటామె జాలిపడి, కాసేపు నేను పట్టుకుంటానని పాపను నా చేతుల్లోంచి తీసుకుంది. అప్పుడు నా గుండెలోంచి పెద్ద బరువు దిగినట్టయింది. నా బిడ్డ నా చేతుల్లో లేనందుకు నాకు హాయిగా ఉంది. అది తెలిసి, ఆ గడ్డి మీదే కూలబడ్డాను.

ఆ వారంలోనే మిసెస్ గ్రీర్ ఫోన్ చేశారు, టూర్లకు మళ్ళీ ఎప్పుడు వస్తావని. బాగానే ఉన్నామని చెప్పబోయాను. నా గొంతులో ఏం విన్నారో, మాట మధ్యలోనే ఆపారు.

"శారదా, ఇప్పుడా, శనివారమా?"

"ఇప్పుడే," అన్నాను.

మా వారు ఆఫీసు నుంచి వచ్చి మమ్మల్నిద్దరినీ కార్లో థియేటరు దగ్గర దింపారు. ఆవిడ తాళాల గుత్తి తీసి, ఏళ్ళుగా మూసి ఉన్న ఆ గాజు గది తెరిచారు. లోపల తడిసి ఆరిన సుద్ద వాసన. కుర్చీల మీది దుమ్ము తన రుమాలుతో తుడిచి నన్ను కూర్చోబెట్టి, స్పీకరు మీట నొక్కారు. గరగరమని, దాని వెనక ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు. కింద వేదిక మీద మామూలు బట్టల్లో ఒకామె రిహార్సల్ చేస్తోంది. పాప లేచి ఏడుపు అందుకుంది. కంగారుగా చుట్టూ చూశాను. వేదిక మీదామె ఆగలేదు. ఎవరూ తల తిప్పలేదు. పాప తన శక్తికొద్దీ ఏడుస్తోంది, ఆమె తన శక్తికొద్దీ పాడుతోంది.

పాపను ఆవిడ అందుకుంటారని చేతులు కాస్త ముందుకు చాచాను. అందరూ అందుకునేవారు. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాటే వింటున్నట్టు వేదిక వైపు చూస్తూ ఉండిపోయారు. పాప నా దగ్గరే ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నా చేతులు దాన్ని పట్టుకునే ఉన్నాయి.

అప్పుడు చెప్పాను. బాల్కనీ, సోఫా, గడ్డి మీద కలిగిన హాయి, అన్నీ. ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తల తిప్పి నా మొహంలోకి చూశారు. ఉలిక్కిపడలేదు, పాప వైపు చెయ్యి చాచలేదు.

"నా కొడుకు పుట్టాక, వాణ్ణి ఎత్తుకుని సినిమాకొస్తే ఆ పై బాల్కనీ మెట్ల దగ్గర నాకూ అలాంటిదే వచ్చేది," అన్నారు. "వాణ్ణి మా అక్క దగ్గర వదిలింది ఉద్యోగం కోసమే అనుకున్నారంతా. వాడికిప్పుడు నలభై దాటింది. నిన్ననే ఫోన్ చేసి నా వంటకి వంకలు పెట్టాడు. ఇక్కడికొచ్చిన తల్లులు చాలామంది ఈ కుర్చీల్లో ఇది చెప్పారమ్మాయీ. గాజు ఇవతల ఏం చెప్పినా బయట ఎవరూ వినరని. నువ్వు మాత్రం ఇక్కడితో ఆపకూడదు. డాక్టరుకి చెప్పాలి. మీ ఆయనకి నీ భాషలో చెప్పాలి."

ప్రయత్నించాను. అక్కడే, ఆవిడ ముందే, తెలుగులో ఒక్కసారి అని చూద్దామని నోరు తెరిచాను. రాలేదు. ఇంగ్లీషులో ఆ మాటలు పుస్తకంలోంచి చదివినట్టు బయటికి వచ్చాయి. తెలుగులో అవే మాటలు మా అమ్మ విన్నట్టు, మా నాయనమ్మ విన్నట్టు, పాపకు అర్థమైపోయినట్టు అనిపించి గొంతులోనే ఆగిపోయాయి. చెప్పలేనన్నాను. "సరే. చెప్పగలిగిన రోజు చెప్పు," అన్నారు. ఆ రోజు మా వారితో ఆవిడే మాట్లాడారు. నేను బాగా నలిగిపోయాననీ, పగలు ఒంటరిగా ఉంచవద్దనీ చెప్పి, తనకు తెలిసిన ఒక లేడీ డాక్టరు పేరు ఇచ్చారు. మా వారు ఏమీ అడగలేదు. తెల్లవారి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. మందుల వల్లనో, ఆ డాక్టరుతో మాటల వల్లనో, వారానికోసారి పాపతో ఆ గదికి వెళ్ళి కూర్చోవడం వల్లనో, వేసవి వచ్చేసరికి సోఫాను నేనే పక్కకు జరిపాను.

ఆ గది మిగల్లేదు. రిపేర్లు నడిమి అంతస్తు దాకా వచ్చినప్పుడు, గాజు తీసేసి దాన్ని విరాళాలిచ్చేవాళ్ళకు విశ్రాంతి గదిగా మార్చాలని థియేటరు కమిటీ అనుకుంది. మిసెస్ గ్రీర్ వెళ్ళి వాదించారు. అప్పటికి నేను మళ్ళీ టూర్లు చేస్తున్నాను. తిరిగి వచ్చి మా అందరి ముందు బూట్లు విప్పుకుని కూర్చున్నారు. ఆపెరాకి పసిపిల్లల్ని ఎవరు తెస్తారని అడిగారట. "వాళ్ళన్నది నిజమే. ఎవరూ తేరు. తల్లులు ఇంట్లోనే ఉండిపోతారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళు కమిటీకి కనిపించరుగా," అన్నారు. తరువాత, చేతులు కడుక్కునే బేసిన్ మాత్రం ఉంచుతారట, చాలా అందమైన బేసిన్ అని, బూట్లు మళ్ళీ తొడుక్కుని పనిలోకి వెళ్ళిపోయారు. గాజు తీసిన రోజు ఆవిడ సెలవు పెట్టలేదు. కూలీలు పలకలు దింపుతుంటే, సందు వైపు మెట్లు ఇరుకని చెప్పి, ముందువైపు పాలరాతి మెట్ల మీంచి దింపించారు.

ఆవిడ రిటైరైన రెండో చలికాలంలో పోయారు. చర్చిలో కొడుకును చూశాను. తల్లి పొడవే అతనికీ వచ్చింది. ఆవిడ దగ్గర పనిచేసేదాన్నని మాత్రం చెప్పాను. వాళ్ళమ్మ అతని గురించి నాతో ఏం చెప్పారో చెప్పడం నా హక్కు కాదనిపించింది. మా పాప నా పక్కన నిలబడి, తెరిచి ఉన్న శవపేటిక వైపు చూస్తూ, "షీ లుక్స్ నైస్, అమ్మా," అంది. దాని ఏడుపును ఆవిడ ఎంతసేపు విన్నారో దానికి ఎప్పటికీ తెలియదు. ఆవిడ ఇచ్చిన పని ఒకటి చేయకుండానే ఆవిడను సాగనంపానని ఇంటికి వస్తుంటే కార్లో తోచింది.

ఈసారి బాబు పుట్టిన మూడో వారంలో ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది. అదే రూపం, అదే స్పష్టత. పొద్దున్నే మా వారు ఆఫీసుకు వెళుతూ గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. పాప టేబుల్ దగ్గర సీరియల్ తింటూ స్కూలు బస్సు కోసం చూస్తోంది. బస్సు వచ్చి పాప ఎక్కేదాకా ఆగాను. తరువాత బాబును ఎత్తుకునే, "ఏమండీ," అన్నాను. ఆ ఆలోచన సంగతి చెప్పాను. తెలుగులో చెప్పాను. మధ్యలో ఒక్క ఇంగ్లీషు మాట కూడా పెట్టుకోలేదు. అది నాలుగైదు వాక్యాలకంటే ఎక్కువ లేదు.

ఆయన ఒక కాలికి బూటుతో అలాగే నేల మీద కూర్చుండిపోయారు.

"పాపప్పుడు కూడా ఇదేనా?"

"ఇదే."

"ఇన్నేళ్ళు…" అని ఆగిపోయారు. లేచి, ఆ ఒక్క బూటుతోనే ఫోన్ దగ్గరికి నడిచి, ఇవాళ రానని ఆఫీసుకు చెప్పారు. తరువాత డాక్టరు నంబరు ఎక్కడుందని అడిగారు. బాబు నా భుజం మీద నిద్రపోయాడు. ఆయన ఫోన్లో నా పేరు అక్షరం అక్షరం విడదీసి చెబుతుంటే వింటూ నిలబడ్డాను. చాలా రోజుల తరువాత నాకు ఆకలి వేసింది.